చిరుతపులి యెదురైనచో రైతు చేయవలసినది

పాము భయము, అడవిపందుల బెడద మన రైతులకు క్రొత్తవి కావు. చిరుతపులి మాత్రము అడవిపల్లెల వారి చింతయని మైదానపు రైతులును పట్టణవాసులును చిరకాలము తలంచుచుండిరి. ఆ తలంపు ఇప్పుడు చెల్లదు.

మన పల్లెల బిడ్డలు పలువురు హైదరాబాదునందు అమీర్‌పేట వసతిగృహములలో నుండి కంప్యూటరు విద్య నేర్చుచున్నారు. పెద్ద జబ్బు చేసినప్పుడు మనవారు పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి పోవుచున్నారు. ఆ పేటల సందడి చూచినవారికి అడవి యెంతయో దూరమని తోచును. అయినను పంజాగుట్టకు పడమరగా కొలది దూరముననే, 1998లో జాతీయవనముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము కలదు. అందు నెమళ్లు, ఏదుపందులు నేటికిని వసించుచున్నవి. అచ్చట చిరుత భయము లేదు గాని, నగరపు దక్షిణపు టంచున మాట వేఱు.

2020 మే నెలలో కాటేదాను వద్ద రాజమార్గముపై పట్టపగలే ఒక చిరుత పండుకొని యుండెను. జనులు గుమిగూడిరి. బెదరిన యా మృగము పఱుగెత్తుచు, లారీ యెక్కబోవు నొకని కాలు పట్టెను. అతడెట్లో విడిపించుకొని బ్రదికెను. ఆ యేడు అక్టోబరులో, వ్యవసాయ విశ్వవిద్యాలయమున్న రాజేంద్రనగరు ప్రాంతముననే, దూడలను చంపిన చిరుత యొకటి బోనున చిక్కెను. 2024 ఏప్రిలు చివర శంషాబాదు విమానాశ్రయపు గోడ దాటిన మఱియొక చిరుత, మేకను ఎఱగా నుంచిన బోనులో మే మొదటి వారమున పట్టుబడెను. దానిని అటవీశాఖవారు పిదప అమ్రాబాదు అడవిలో విడిచిరి.

చిరుత మనుష్యుని వెదకికొని వచ్చు జంతువు కాదు. కుక్క, మేక, దూడ, పందిపిల్ల దానికి సులభమైన ఆహారము. మహారాష్ట్రమునందలి అకోలె ప్రాంతమున విద్యా ఆత్రేయ గారును వారి సహచరులును చేసిన పరిశోధనలో, చెఱకుతోటల నడుమ చిరుతలు కాపురముండి పిల్లలను పెట్టుచున్నవనియు, వాని ఆహారమున ఊరకుక్కలదే పెద్దపాలనియు తేలినది. కావున ఊరి వెలుపల చెత్తయు, చచ్చిన కోళ్లును పాఱవేసినచో అచ్చటికి కుక్కలు చేరును. కుక్కల వెంట చిరుత వచ్చును.

ఈ జంతువు పొంచి వెనుకనుండి దుముకును. నిలువుగా నిలిచిన మనుష్యుడు దానికి పెద్ద ప్రాణిగా కనబడును; వంగినవాడు, కూర్చున్నవాడు, పసిబిడ్డ చిన్న ప్రాణులుగా తోచుదురు. అపాయమంతయు ఇందే యున్నది. 2023 ఆగస్టులో తిరుమల కాలిబాటపై ఆరేండ్ల బాలిక చిరుతకు బలియయ్యెను. పిదప దేవస్థానమువారు భక్తులకు చేతికఱ్ఱ లిచ్చిరి. మధ్యాహ్నము రెండు గంటల తరువాత పిల్లలను ఆ దారిన పోనీయరైరి. 2024 నవంబరు 29న కాగజ్‌నగరు మండలమున ప్రత్తి తీయుచున్న యువతిని పెద్దపులి చంపెను. అది వేఱుజాతి మృగమైనను వెనుకనుండి పైబడు రీతి రెంటికిని ఒక్కటియే. ఆ దుర్ఘటన తరువాత అటవీశాఖవారు కూలీలకు తల వెనుక ధరించు ముఖపు బొమ్మలను పంచిరి. మృగము వెనుకనుండి వచ్చినను మనుష్యుడు తన్ను చూచుచున్నాడని భ్రమించునని దాని యుద్దేశము.

రైతులు ఈ క్రింది విషయములను మనసున నుంచుకొనవలెను.

1. చిరుత కనబడినచో పఱుగెత్తరాదు, వీపు చూపరాదు, వంగరాదు. దాని వైపు మొగము పెట్టి నిటారుగా నిలిచి, చేతులను గాని కండువాను గాని పైకెత్తి బిగ్గఱగా అఱచుచు, మెల్లగా వెనుకకు తగ్గవలెను. చూపు మఱల్పకయే బిడ్డను ఎత్తుకొనవలెను. అది తప్పుకొనుటకు దారి విడువవలెను.

2. మీద పడినచో లొంగక, మెడను కాచుకొనుచు కఱ్ఱతోను రాతితోను ఎదిరింపవలెను. అమెరికాలో కొండసింహమనబడు ప్యూమా విషయమున అచ్చటివారు చెప్పు హితవును ఇదియే.

3. రాత్రివేళ మోటారు వేయబోవువారు ఇద్దఱిద్దఱుగా బ్యాటరీ దీపముతో, మాటలాడుచు పోవలెను. చీకటిలో బహిర్భూమికి పోవుట మాని, ఇంటి మఱుగుదొడ్డినే వాడవలెను.

4. ప్రత్తి తీయువారు, కలుపు తీయువారు గుంపుగా నుండవలెను. ఒకరు నిలిచి నలుదిక్కులు చూచుచుండవలెను. ప్రొద్దు బాగుగ నెక్కిన పిదప పోయి, మునిమాపునకు ముందే ఇల్లు చేరవలెను.

5. మేకలను, దూడలను ఆరుబయట కట్టరాదు. పైకప్పును గట్టి తలుపును గల కొట్టమున నుంచవలెను. చచ్చిన పశువును లోతుగా పూడ్చవలెను.

6. చెఱకుతోటలో పిల్లలు కనబడినచో తాకరాదు. తల్లి సమీపముననే యుండును. కోత నిలిపి అటవీశాఖకు తెలుపవలెను.

7. చిరుత ఇంట దూరినచో, లోనివారు బయటపడిన పిదప తలుపు మూసి, జనులను దూరముగ పంపవలెను. కాటేదానులో వలె గుమిగూడుట మృగమును బెదరించి కఱపించుటయే.

8. కఱచినను గోరు తగిలినను గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు పాఱు నీట కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి, పిచ్చికుక్కకాటు టీకాను అడుగవలెను.

విషము పెట్టుట, పొలము చుట్టు కరెంటు తీగ కట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరములు. అంతకు మించి, పందికని కట్టిన తీగకు రాత్రి నీరు కట్టబోయిన పొరుగు రైతే బలియగుట మన యెఱిగినదే.

పశువును మృగము చంపినచో కళేబరమును కదలింపక అటవీశాఖవారికి తెలిపి, పశువైద్యుని ధ్రువపత్రముతో నష్టపరిహారమునకు దరఖాస్తు చేయవచ్చును. ఇందు సహకార సంఘములు చేయదగిన పని కలదు. ఆ ప్రాంతపు అటవీ ఉద్యోగి టెలిఫోను సంఖ్యను సంఘ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. చదువురాని సభ్యునకు దరఖాస్తు వ్రాసి పెట్టవలెను. కొట్టము కట్టుకొనలేని చిన్న మేకలకాపరులు పదుగురు కలిసి ఒక గట్టి కొట్టమును ఏర్పఱచుకొనుటకు తోడ్పడవలెను. ఒంటరివాడు పొలమున మృగమునకు ఎట్లు సులువో, నష్టము కలిగినప్పుడు కచేరీల చుట్టు తిరుగుటయందును అట్లే నిస్సహాయుడు. పదుగురు కలిసి నడచినచో రెండుచోట్లను క్షేమము కలుగును.