తోకలేని ఎలుక... మాట వినదేం?

గడువు ఇంకో రెండు గంటలే. కోదాడ బస్టాండుకు దగ్గర్లో ఓ చిన్న నెట్ సెంటర్. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఓ అమ్మాయి తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. దానినిండా కాలేజీల కోడ్లు, పక్కన అంకెలు, కొట్టివేతలు, బాణం గుర్తులు. ఏది ముందు పెట్టాలి, ఏది వెనక్కి నెట్టాలి అని ఇంట్లో వారం రోజులు నడిచిన చర్చంతా ఆ కాగితంలోనే ఉంది.

ఇరవై మూడో ఆప్షన్ దగ్గర తెరమీద బాణం ఉన్నట్టుండి ఆగిపోయింది.

''అన్నా, మౌస్ కదుల్తలేదు...''

ఆపరేటర్ వచ్చి మౌస్‌ని బల్లకేసి రెండుసార్లు తట్టాడు. కదిలింది. ఆయన అటు వెళ్లగానే మళ్లీ ఆగింది. ఈసారి సెల్లు తీసి, చొక్కాకు తుడిచి, మళ్లీ వేశాడు. కదిలింది. రెండు నిమిషాలకు మళ్లీ అదే కథ. క్లిక్ పడలేదేమోనని అమ్మాయి ఇంకోసారి నొక్కింది. పడిందో లేదో తెలియదు. పడితే ఎక్కడ పడిందో తెలియదు.

''ఏంది తమ్మీ, మా బిడ్డ ఆప్షన్లు ఉంటయా, పోతయా?'' తండ్రి గొంతులో కంగారు.

ఊరు మారొచ్చు, మనుషులు మారొచ్చు. ఈ సన్నివేశం మాత్రం కంప్యూటరున్న ప్రతిచోటా ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. మిర్యాలగూడలో రైసుమిల్లు ధర్మకాంటా దగ్గర లారీలు బారులు తీరినప్పుడు, సూర్యాపేటలో ఆడిటర్ ఆఫీసులో రిటర్నుల చివరిరోజున, ఇంట్లో పిల్లాడి ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో... వైర్‌లెస్ మౌస్ సరిగ్గా అప్పుడే మొండికేస్తుంది. తిట్టుకుంటూ కొత్తది కొంటాం. పది రోజులకు అదీ అలాగే చేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు జబ్బు మౌస్‌ది కాదు!

కాలువ ఒకటే... తూములు వంద

వైర్‌లెస్ మౌస్ అంటే ఒక బుల్లి రేడియో స్టేషన్. చెయ్యి ఎటు కదిలిందో, ఏ బటన్ నొక్కామో సెకనుకు సుమారు 125 సార్లు రిసీవర్‌కు కబురు పంపుతుంది. ఆ కబురు ప్రయాణించేది 2.4 గిగాహెర్ట్‌జ్ పట్టీలో. చిక్కంతా అక్కడే ఉంది. ఇంట్లోని వైఫై రూటర్‌దీ అదే దారి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లదీ అదే. మైక్రోవేవ్ ఒవెన్ అన్నం వేడిచేసేదీ దాదాపు అదే పౌనఃపున్యంతో.

ఇన్ని ఒకేచోట ఎందుకు దూరాయంటే, అది అందరికీ వదిలేసిన దారి కాబట్టి. పరిశ్రమలు, శాస్త్ర పరిశోధన, వైద్య పరికరాల కోసమని అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం 1947లోనే కొన్ని పట్టీలను పక్కన పెట్టారు. మనదేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్‌జ్ దాకా తక్కువ శక్తితో వాడుకునేవారికి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2005లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ వెసులుబాటు లేకపోతే ఇంటింటా వైఫై వచ్చేదే కాదు. కానీ అనుమతి అక్కర్లేని చోట రద్దీ ఎలా ఉంటుందో చెప్పాలా?

సాగర్ ఎడమకాలువ కింది రైతులకు ఇది ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. డ్యాం నిండుగానే ఉంటుంది. కాలువలో నీళ్లూ పారుతుంటాయి. పైనున్నవాళ్లు తూములన్నీ ఎత్తుకుంటే చివరి ఆయకట్టుకు చేరేసరికి చుక్క మిగలదు. మౌస్ పంపే సిగ్నల్ బలం మిల్లీవాట్లలోనే. పెట్టెమీద 'పది మీటర్ల దాకా పనిచేస్తుంది' అని రాసి ఉండొచ్చు. అది అడ్డంకులేవీ లేని చోట మాట. మన ఇళ్లలో, ఆఫీసుల్లో రిసీవర్ ఎక్కడుంటుందో ఓసారి వంగి చూడండి. బల్ల కింద సీపీయూ, దాని వెనకవైపు రిసీవర్, మధ్యలో ఇనుప డబ్బా, పక్కన వైర్ల చిక్కు, ఆపైన గోడ. అదీ చివరి ఆయకట్టే!

ఇనుప బీరువాలు, ఇనుప బల్లలు ఉన్న మిల్లు ఆఫీసుల్లో మరీ కష్టం. రేడియో తరంగాలు లోహాన్ని దాటి పోలేవు. రిసీవర్‌ను సీపీయూ ముందువైపు పోర్టుకు మార్చినా, అడుగు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో బల్లపైకి తెచ్చినా చాలామందికి సమస్య అక్కడితో తీరిపోతుంది.

నీలి పోర్టు పక్కన కూర్చుంటే...

అసలు దొంగ ఇక్కడ దాక్కుని ఉంటాడని ఎక్కువమందికి తెలియదు. కంప్యూటర్‌కు ఉన్న యూఎస్‌బీ పోర్టుల్లో కొన్నింటి లోపల నాలుక నల్లగా ఉంటుంది, కొన్నింటికి నీలంగా ఉంటుంది. నీలిరంగువి సాధారణంగా యూఎస్‌బీ 3.0 రకం. సెకనుకు 5 గిగాబిట్ల వేగం. ఆ వేగంలో డేటా పరుగెత్తుతున్నప్పుడు పోర్టు నుంచి, తీగ నుంచి, తగిలించిన హార్డ్‌డిస్కు నుంచి కొంత రేడియో రొద బయటికి వస్తుంది. ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్‌జ్ ప్రాంతంలోనూ ఉంటుంది. ఇదేదో మెకానిక్కుల ఊహ కాదు. యూఎస్‌బీ 3.0 రూపకల్పనలో పాలుపంచుకున్న ఇంటెల్ సంస్థే 2012లో కొలిచి, వైర్‌లెస్ మౌస్‌లకు దీనివల్ల ఇబ్బంది వస్తుందని ఒక పత్రంలో ప్రకటించింది.

కాబట్టి గుర్తు పట్టడం తేలికే. పెన్‌డ్రైవ్‌లోకి సినిమానో పెళ్లి ఫొటోలో ఎక్కిస్తున్నప్పుడు మాత్రమే మౌస్ తడబడుతోందా? ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు తీసేయగానే బుద్ధిగా ఉంటోందా? అయితే మౌస్‌ను అనకండి. రిసీవర్‌ను నీలి పోర్టు నుంచి, దాని పక్క నుంచి కూడా తప్పించి నల్ల పోర్టుకు మార్చండి. లాప్‌టాప్‌లో అన్నీ నీలివే అయితే హార్డ్‌డిస్కు ఒకవైపు, రిసీవర్ రెండోవైపు పెట్టండి. ఇక్కడ జానెడు దూరం కూడా చాలా ఎక్కువే!

రూటర్ సంగతి కూడా అంతే. దాన్ని తెచ్చి మానిటర్ పక్కన పెట్టుకోవడం మనలో చాలామందికి అలవాటు. మీటరు దూరం జరపండి. రూటర్‌లో 5 గిగాహెర్ట్‌జ్ వైఫై ఉంటే కంప్యూటర్‌ను దానికి మార్చేస్తే మౌస్ దారిలో ఒక పెద్ద లారీ తగ్గినట్టే.

సెల్లు సంగతి చూశారా?

''మొన్ననే కొత్త సెల్ వేశాం'' అంటారు. ఆ కొత్త సెల్ ఏదో కూడా చూడాలి. గోడ గడియారానికి కొన్న చవక జింకు సెల్లు మౌస్‌కు ఎక్కువ రోజులు రావు. ఆల్కలైన్ రకం నయం. రీచార్జి సెల్లు వాడొచ్చు గానీ అవి 1.2 వోల్టులే, మామూలువి 1.5. కొన్ని మౌస్‌లు ఆ తేడాకే 'బ్యాటరీ అయిపోయింది' అని గోలపెడతాయి. సెల్ నీరసించినప్పుడు మౌస్ ఒక్కసారిగా చావదు. ముందు అడుగులు తడబడతాయి, దూరం నుంచి పనిచేయదు, రిసీవర్ దగ్గరికి తెస్తే లేచి కూర్చుంటుంది.

సెల్ గదిలో తెల్లటి పొడి కనిపిస్తే అది కారిపోయిన సెల్ తాలూకు ఉప్పు. వట్టి చేత్తో ముట్టుకోకూడదు. దూదిపుల్లకు రెండు చుక్కల నిమ్మరసం గానీ వెనిగర్ గానీ అద్ది తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు కొత్త సెల్ వేయాలి. బల్లకేసి కొడితే మౌస్ పనిచేస్తోందంటే చాలావరకు అనుమానించాల్సింది కూడా అక్కడే. స్ప్రింగు వదులైతే దెబ్బకు సెల్ సర్దుకుంటుంది. దాన్ని కొంచెం బయటికి లాగితే సరి. కొట్టడం మాత్రం వైద్యం కాదు.

ఇంకో చిన్న పరీక్ష. బాణం కదలడం లేదు కానీ క్లిక్ పనిచేస్తోందా? అప్పుడు కనెక్షన్ తెగలేదు. కింద ఉన్న కన్ను మూసుకుపోయిందంతే. ఊక, తవుడు ఎగిరే మిల్లుల్లోనూ, సిమెంటు దుమ్ము ఆడే చోటా ఇది మామూలే. మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. బల్లపై అద్దం పరిచి ఉంటే దానిమీద ఓ దళసరి కాగితం వేసి చూడండి. క్లిక్కూ కదలికా రెండూ ఒకేసారి పోతేనే రేడియో దారిని, సెల్లును అనుమానించాలి. ఈ తేడా తెలియక బాగున్న మౌస్‌లను చెత్తబుట్టలో వేసినవాళ్లు ఎందరో!

కంప్యూటరే కునుకు తీస్తే

కాసేపు ముట్టుకోకపోతే మౌస్ తనంతట తాను నిద్రపోతుంది. అది సెల్ ఆదాకు. ఒక క్లిక్కుతో లేస్తుంది, తప్పేమీ లేదు. కానీ కంప్యూటర్ కూడా కరెంటు పొదుపు పేరుతో యూఎస్‌బీ పోర్టును నిద్రపుచ్చుతుంటుంది. ఆ పోర్టులో ఉన్న రిసీవర్ కూడా దాంతోపాటే పడుకుంటుంది. లాప్‌టాప్ చార్జింగ్ తీసేసినప్పుడే మౌస్ పోతుంటే ఇదే కారణం కావచ్చు.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, యూఎస్‌బీ రూట్ హబ్ మీద రెండుసార్లు నొక్కితే పవర్ మేనేజ్‌మెంట్ అనే పేజీ ఉంటుంది. పొదుపు కోసం ఈ పరికరాన్ని ఆపేందుకు కంప్యూటర్‌కు అనుమతి ఇస్తున్నట్టు అక్కడ ఒక టిక్కు కనిపిస్తుంది. దాన్ని తీసేయాలి. రూట్ హబ్‌లు నాలుగైదు ఉంటే అన్నింటికీ తీయాలి. పవర్ ఆప్షన్లలో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అనే మరో మీట ఉంటుంది, అదీ ఆపేయొచ్చు. లాప్‌టాప్ చార్జింగ్ కొంచెం ముందుగా అయిపోతుందేమో గానీ పని మధ్యలో చెయ్యి విరిగినట్టు ఉండదు.

రిసీవర్ లేకుండా నేరుగా బ్లూటూత్‌తో కలిసే మౌస్ అయితే జాబితాలోంచి దాన్ని ఒకసారి తీసేసి కొత్తగా జతచేయడం, బ్లూటూత్ డ్రైవర్‌ను కొత్తది వేసుకోవడం మంచిది. డెస్క్‌టాప్ వాళ్లు ఇంకోటి చూడాలి. సీపీయూ వెనక బిగించాల్సిన బుల్లి యాంటెన్నాలు చాలా ఇళ్లలో అట్టపెట్టెలోనే ఉండిపోతాయి!

ఇవన్నీ ఒకేరోజు చేయాలని కాదు. అన్నిటికంటే ముందు మౌస్‌ను, దాని రిసీవర్‌తో సహా, పక్కింటివాళ్ల కంప్యూటర్‌కు పెట్టి పదినిమిషాలు వాడండి. అక్కడ బాగుంటే లోపం మన కంప్యూటర్‌లోనో, మన గదిలోనో ఉన్నట్టు. అక్కడా ఆగితే సెల్లో, మౌసో. సగం వెతుకులాట ఆ పది నిమిషాల్లోనే అయిపోతుంది. రిసీవర్ పోయిందని వేరే మౌస్‌ది తెచ్చి పెడితే మాత్రం పనిచేయదు. దేని జోడీ దానిదే. కొన్ని కంపెనీలవి మాత్రమే సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ జతకలుస్తాయి.

అసలు తోక ఎందుకు తెగింది?

అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనకు బిల్ ఇంగ్లిష్ 1964లో రూపమిచ్చిన మొదటి మౌస్ ఓ చెక్కపెట్టె. అడుగున రెండు చక్రాలు, పైన ఒక బటన్. తీగ తోకలా వేలాడుతుండటంతో ఎలుక అన్న పేరు అతుక్కుంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని జనం ముందు ప్రదర్శించారు. లాజిటెక్ సంస్థ 1984లో తోక తీసేసి, టీవీ రిమోట్‌లా పరారుణ కిరణాలతో నడిచే మౌస్ తెచ్చింది. దానికీ రిసీవర్‌కూ మధ్య పుస్తకం అడ్డొచ్చినా ఆగిపోవాల్సిందే. 1991లో అదే సంస్థ రేడియో మౌస్ తీసుకొచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పటి బాధ మొదలైంది.

అందుకే గడువుతో పనిపడే చోట, అంటే నెట్ సెంటర్‌లో, కాంటా దగ్గర, పరీక్ష రాసే బల్లమీద, తోకున్న ఎలుకే నయం. సెల్ అక్కర్లేదు, రొద అంటదు. వైర్‌లెస్‌ది వాడుతున్నా సొరుగులో తీగ మౌస్ ఒకటి పడేసి ఉంచుకుంటే దాని ధర ఒక్క రోజులోనే తిరిగి వచ్చేస్తుంది.

అదీ లేకపోతే? కీబోర్డు ఉందిగా! ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్... మూడూ కలిపి నొక్కండి. అడిగే ప్రశ్నకు ఎంటర్ కొట్టండి. ఆ తర్వాత కుడిపక్క అంకెల మీటల్లో 8 నొక్కితే బాణం పైకి, 2కి కిందికి, 4కి ఎడమకు, 6కి కుడికి జరుగుతుంది. 5 నొక్కితే క్లిక్. నత్తనడకే గానీ చెయ్యిజారదు. ఫారాల్లో ఒక గడి నుంచి ఇంకో గడికి వెళ్లడానికి ట్యాబ్ మీట సరిపోతుంది.

కోదాడ నెట్ సెంటర్‌లో ఆపరేటర్ చివరికి బల్ల కిందికి దూరాడు. సీపీయూ వెనక నీలి పోర్టులో ఎవరిదో హార్డ్‌డిస్కు, దాన్ని ఆనుకుని రిసీవర్. రిసీవర్‌ను పీకి ముందువైపు పెట్టాడు. బాణం కదిలింది. ఈసారి ఆగలేదు. అప్పటికి నలభై నిమిషాలుంది. అమ్మాయి కొత్త ఆప్షన్లు మొదలుపెట్టలేదు. కాగితం తండ్రి చేతికిచ్చి, ''నానా, నువ్వు కోడ్ సదువు, నేను చూస్త'' అంది. మొదటి నుంచి ఒక్కొక్కటీ సరిచూసుకుంటూ వచ్చారు. ఇరవై రెండో దానిదగ్గర ఆగారు. అక్కడ ఉండాల్సింది అది కాదు.