అసంతృప్తి లేకపోవుట సంతృప్తియేనా?

కళాశాల అధ్యాపకునకు జీతము సకాలమున అందినచో అతడు తన వృత్తియందు సంతృప్తుడగునా? అగునని సామాన్యముగా తలంతుము. కాని అసంతృప్తిని తొలగించుట వేరు, సంతృప్తిని కలిగించుట వేరు అని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ వాదించెను.

ఆయనయు సహచరులును పిట్స్‌బర్గ్ ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను ప్రశ్నించి, 1959లో ఫలితములను ప్రకటించిరి. పనిలో మిక్కిలి సంతోషము కలిగిన సందర్భములలో కార్యసిద్ధి, గుర్తింపు, పని స్వభావము, బాధ్యత హెచ్చుగా కనిపించినవి. బాధ కలిగిన సందర్భములలో యాజమాన్యపు విధానములు, పర్యవేక్షణ లోపములు హెచ్చు. ఈ రెండవ తరగతిలోనే జీతమును, ఉద్యోగ భద్రతను ఆయన చేర్చెను. శుభ్రమైన నీరు వ్యాధిని ఆపును, కండబలము నీయజాలదు. ఇవియు నట్టివే.

ఈ సిద్ధాంతమునకు విమర్శ లేకపోలేదు. విజయమును తనకు, వైఫల్యమును పరిసరములకు ఆపాదించుట మానవ సహజము. కావున ఫలితములలోని ఈ విభజన ప్రశ్నించిన పద్ధతినుండియే పుట్టియుండవచ్చునని 1964లో విక్టర్ వ్రూమ్ సూచించెను.

1990లో విలియం కాన్ మరియొక ప్రశ్న వేసెను: మనిషి పనిలో మనసారా నిమగ్నుడగుట ఎప్పుడు? పనికి అర్థము, నిర్భయత, తగిన శక్తి – ఈ మూడును ఉన్నప్పుడని ఆయన సమాధానము.

తరగతిలో దీనిని సులభముగా గుర్తింపవచ్చును. ఏటేట ఉద్యోగము నిలుచునో లేదో యని బెదరు అధ్యాపకుడు, విద్యార్థి ప్రశ్నకు “తెలియదు, రేపు చూచి చెప్పెదను” అనుటకు వెనుదీయును. ఆ మాట నిర్భయముగా అనగలిగిన చోటనే గురువును, శిష్యుడును కలసి నేర్చుకొందురు.