వేతనం కొంత, వాగ్దానం కొంత

రెండేళ్ళ క్రితం ఒక జుమా రోజు అస్ర్ నమాజు తరువాత మా చెల్లెలు తన కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. అతని చేతిలో ఒక స్టార్టప్ కంపెనీ ఇచ్చిన నియామక పత్రం ఉంది. "భాయ్‌జాన్, జీతం తక్కువ ఇస్తారట. మిగిలింది కంపెనీలో వాటాలట. ఇది హలాలేనా?" అని అడిగింది. ఆసుపత్రుల మందుల నిల్వలను లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ వారి వ్యాపారం. అందులో నాకు అభ్యంతరం కనిపించలేదు. నన్ను ఆపింది మూడవ పేజీ.

వాటాలు నాలుగేళ్ళలో విడతలుగా దక్కుతాయి. మొదటి సంవత్సరం నిండకముందే ఉద్యోగం ముగిస్తే ఒక్కటీ దక్కదు. ఇలాంటి కంపెనీల్లో ఇది మామూలు నిబంధనేనని తరువాత తెలిసింది. దక్కిన వాటా సొమ్ముగా మారాలన్నా కంపెనీ అమ్ముడుపోవాలి, లేదా షేర్ మార్కెట్‌కు ఎక్కాలి, లేదా ఎవరైనా కొనడానికి ముందుకు రావాలి.

2015లో హైదరాబాద్‌లో టీ-హబ్ ఆరంభమైంది. మరుసటి ఏడాది కేంద్రం స్టార్టప్ ఇండియా పథకం ప్రారంభించింది. నాటి నుండి మన ఇళ్ళలోనూ ఈ మాట వినబడుతోంది. కాని ఆ పని ఎలా ఉంటుందో నాకు తెలిసింది మా మేనల్లుడి వల్లనే.

మాదాపూర్‌లో ఒక అద్దె గది, పదకొండు మంది. ప్రోగ్రామర్‌గా చేరినవాడు ఆసుపత్రుల ఫోన్లకు జవాబు చెప్పేవాడు, బిల్లులు పంపేవాడు, కొత్తవారిని ఎంపిక చేసే చోటా కూర్చునేవాడు. "మామూ, పొద్దున నేను సరిచేసింది సాయంత్రానికి నర్సు వాడుతోంది. పెద్ద కంపెనీలో ఇది దొరకదు" అనేవాడు. ఆ సంతోషం నాకు తెలుసు. ముగ్గురు ఉస్తాదులతో మదర్సా నడిచిన రోజుల్లో పాఠం చెప్పాను, బియ్యం బస్తాలు లెక్కచూశాను, పిల్లల జ్వరానికి రాత్రిళ్ళు మేల్కొన్నాను. జీతం ఆలస్యమైతే అడగడానికి నోరు రాని మొహమాటం కూడా నాకు తెలుసు. "మనమంతా ఒక కుటుంబం" అని యజమాని అన్నచోట ఆ మొహమాటం ఇంకా పెరుగుతుంది. రంజాన్‌లో ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరాల పక్కనే అతని ఫోన్ మోగుతూ ఉండేది.

చాలా స్టార్టప్‌లలో తొలి ఏళ్ళ జీతాలు అమ్మకాల రాబడి నుండి రావు, పెట్టుబడిదారుల సొమ్ము నుండి వస్తాయి. ఆ సొమ్ము ఇంకా ఎన్ని నెలలకు సరిపోతుందో యజమానికి తెలుసు. మా వాడికి తెలియదు. తొమ్మిదవ నెలలో రావలసిన పెట్టుబడి రాలేదు. ఆరుగురిని పంపివేశారు, అందులో ఇతడొకడు. రెండు నెలల జీతం బాకీపడి, ఒకటి వచ్చింది. ఏడాదికి మూడు నెలలు తక్కువైనందున వాటాలు లేవు. ఇరవై మంది కన్నా తక్కువ ఉన్న సంస్థకు ప్రావిడెంట్ ఫండ్ తప్పనిసరి కాదు కాబట్టి అదీ లేదు.

ఫిఖ్‌హ్ గ్రంథాలు చదివిన కళ్ళతో ఆ పత్రాన్ని మళ్ళీ చూశాను. ముదారబాలో ఒకరిది సొమ్ము, మరొకరిది శ్రమ. లాభం వస్తే ఇద్దరూ పంచుకుంటారు. నష్టం వస్తే అతని సొమ్ము, ఇతని శ్రమ పోతాయి. ఇజారాలో అలా కాదు, కూలీ ఎంతో ముందే తేలాలి, పని చేస్తే చెల్లాలి. మా వాడు ఉద్యోగిగా సంతకం చేసి భాగస్వామి నష్టాన్ని మోశాడు. భాగస్వామికి చూపే లెక్కలు మాత్రం అతనికి ఎవరూ చూపలేదు.

చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌వర్క్స్ 2021లో అమెరికా నాస్‌డాక్‌లో నమోదైనప్పుడు ఐదు వందల మందికి పైగా ఉద్యోగులు కోటీశ్వరులయ్యారని దాని స్థాపకుడే చెప్పాడు. ఇలాంటివి నిజంగానే జరుగుతాయి. మూతపడిన గదుల్లో పనిచేసిన వారి సంగతి మాత్రం పత్రికలకు ఎక్కదు.

గత నెల అతడు మరో స్టార్టప్‌లో చేరాడు. చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. ఈసారి సంతకానికి ముందే మూడు ప్రశ్నలు అడిగాడట: బ్యాంకులో ఎన్ని నెలల జీతాలున్నాయి, తనకిచ్చే వాటాలు మొత్తం ఎన్నింటిలో, మానేస్తే దక్కినవాటిని ఎన్ని రోజుల్లోగా కొనుక్కోవాలి. మొదటి రెండింటికీ అప్పుడే జవాబు వచ్చింది. మూడవది కాగితం మీదికి వచ్చేదాకా నాలుగు రోజులు ఆగాడు.

ఇఫ్తార్ వేళ ఫోన్ సంగతి మాత్రం అడగలేదు. అది తాను చూసుకుంటానంటున్నాడు. వాళ్ళమ్మకు నమ్మకం లేదు.