వాకిట్లో రాలే వేపపండు

జూన్, జూలై నెలల్లో వేపచెట్టున్న ఇంట్లో వాకిలి ఊకే పని ఒక పట్టాన తెమలదు. పొద్దున ఊడిస్తే పగటికల్లా మళ్లీ నేలంతా పసుపుపచ్చని పండ్లు. కాలికింద చితికి జిగురు, దానిమీద ఈగలు, చీమలు. ఆ విసుగుతోనే కొమ్మలు కొట్టించేవాళ్లున్నారు. ఊడ్చిన కుప్పకు అగ్గి పెట్టేవాళ్లు ఇంకా ఎక్కువ.

అలా బుగ్గిచేసే గింజలే జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనెబావిలో పంటను కాపాడాయి. ఆ చిన్న పల్లె 2006లో రసాయన ఎరువులు, పురుగుమందులు ముట్టని ఊరుగా తనను తాను ప్రకటించుకుంది. జనగామలో పనిచేసే క్రాప్స్ సంస్థ, హైదరాబాద్‌లోని సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడున్నాయి. పురుగు పడితే అక్కడి రైతులు చేసుకునే మందుల్లో వేపగింజల కషాయం ముఖ్యమైనది.

గింజలోని అజాడిరక్టిన్ పురుగును పడగొట్టి చంపదు. ఆకు తినబుద్ధి కాకుండా చేస్తుంది, పిల్లపురుగు కుబుసం విడవకుండా అడ్డుపడుతుంది. కొట్టిన మర్నాడే పురుగు చావలేదని కషాయాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. దానికి కొన్నాళ్లు పడుతుంది. ఎండ తగిలితే ఈ పదార్థం తొందరగా విరిగిపోతుంది కనుక సాయంత్రం పూటే కొట్టాలి.

తయారీ కష్టమేం కాదు. రాలిన పండ్లను వెంటవెంటనే ఏరి, గుజ్జు కడిగేసి, గింజల్ని నీడలో బాగా ఆరబెట్టాలి. తడి మిగిలితే బూజు పడుతుంది, మందు గుణం పోతుంది. గాలాడే గోనెసంచిలో దాచాలి, ప్లాస్టిక్ సంచి పనికిరాదు. అయిదు కిలోల గింజపప్పు పొడిని పది లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బుపొడి కలిపి, వంద లీటర్లకు పెంచితే అయిదు శాతం కషాయం.

వేపనూనెతో తెగుళ్లను అణిచే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యు.ఆర్.గ్రేస్ కంపెనీ కలిసి యూరప్‌లో పేటెంటే తెచ్చుకున్నాయి. భారతీయులకిది ముందునుంచీ తెలిసిన విద్యేనన్న వాదన నెగ్గి 2000లో అది రద్దయింది. 2005లో అప్పీలూ వీగిపోయింది.

2021లో మహబూబాబాద్ మిర్చి చేలను నల్ల తామరపురుగు కమ్మేసినప్పుడు శాస్త్రవేత్తల సిఫార్సుల్లో వేపనూనె కూడా ఉంది. డబ్బు పెట్టి ఆ నూనె కొన్న ఇళ్లలోనూ వేపగింజలు చెత్తలో పోతుంటాయి. చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇక ఆకు. మాఘ, ఫాల్గుణాల్లో రాలే వేపాకును పెరట్లో గుంత తీసి, పేడనీళ్లు చల్లుతూ కుళ్లబెడితే మంచి ఎరువు. కాలిస్తే మిగిలేది గుప్పెడు బూడిద, ఇంటిల్లిపాదికీ దగ్గు. చెత్తను ఆరుబయట కాల్చకూడదని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలూ చెప్పాయి. తెగులు సోకిన పుల్లల్ని మాత్రం గుంతలో వేయకూడదు. 2021లో తెలంగాణ అంతటా వేపకొమ్మల చివర్లు మాడినప్పుడు ఫోమాప్సిస్ శిలీంధ్రం ఒక కారణమని తేలింది. అలాంటి కొమ్మల్ని కోసి, విడిగా తీసేయాలి.

ఆకులు కాల్చడం వేపతోనే ఆగదు. భూపాలపల్లి అడవుల్లో ఇప్పపువ్వు ఏరుకోవడం కోసం చెట్టుకింది ఆకులకు నిప్పు పెట్టే అలవాటుంది. ఆ మంట ఒక్కోసారి అడవిలోకి పాకి చిన్న మొలకల్ని కాల్చేస్తుంది. ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలో కొన్నిచోట్ల చెట్టుకింద వల కట్టి పువ్వు పడుతున్నారు. పువ్వుకు మట్టి అంటదు, నిప్పు అక్కర్లేదు. పెరటి వేపకూ ఇదే పద్ధతి సరిపోతుంది. పండ్ల రోజుల్లో పాత చీరో టార్పాలినో కింద పరిచి, పూటకోసారి దులిపి తట్టలోకి ఎత్తుకుంటే వాకిలి శుభ్రంగా ఉంటుంది, చేనుకు కొట్టే కషాయానికి కావలసిన గింజా ఇంట్లోనే సమకూరుతుంది.