సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు పాడైతే డబ్బు పోయినట్టేనా?

వేలూరు, గుడియాత్తం వైపు మన ఇళ్లలో గ్రాఫిక్స్ కార్డు అన్న మాట ఇప్పుడు కొత్త కాదు. కాలేజీ పిల్లలకు డిజైన్ సాఫ్ట్‌వేర్‌కో, ఆటలకో అది కావాలి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోల్లో అది లేకపోతే పని నడవదు. కొత్తది కొనాలంటే ఇరవై, ముప్పై వేలు. అందుకే చాలామంది పాతది వెతుకుతారు. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు పోతారు, బెంగళూరు ఎస్పీ రోడ్డుకు పోతారు, చదువు ముగించుకుని ఊరికి వెళ్లిపోయే విద్యార్థి దగ్గర అడుగుతారు, లేదంటే ఫోన్‌లో ప్రకటన చూసి తెప్పించుకుంటారు. నెల తిరగకముందే తెర నల్లబడితే "సెకండ్ హ్యాండ్ కదా, ఎవరిని అడుగుతాం" అని ఊరుకుంటారు.

అడగవచ్చు. ఎవరిని అడగాలన్నదే తెలియాలి. ఇక్కడ రెండు వేర్వేరు హామీలు ఉంటాయి. కార్డు తయారుచేసిన కంపెనీ ఇచ్చే వారంటీ మొదటిది. అది కార్డు మీది సీరియల్ నంబరుతో ముడిపడి ఉంటుంది. మీకు అమ్మిన అంగడి బాధ్యత రెండోది. అది మీ చేతిలో ఉన్న బిల్లుతో ముడిపడి ఉంటుంది. ఒకటి లేకపోయినా రెండోది ఉండవచ్చు. అంగడివారు "కంపెనీ వారంటీ అయిపోయింది" అన్నారంటే వారి బాధ్యత కూడా తీరిపోయిందని అర్థం కాదు.

ముందుగా, పాడైంది నిజంగా కార్డేనా అన్నది చూడాలి. మానిటర్ కేబుల్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డుకు పెట్టి, బొమ్మ రావడం లేదని కంగారు పడేవారు ఉన్నారు. ఫ్యాన్ తిరగడం లేదని కార్డు పోయిందనుకునేవారూ ఉన్నారు. ఈ కాలపు కార్డుల్లో చాలావాటికి వేడి తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఆగిపోవడం మామూలే, ఆట మొదలుపెడితే తిరుగుతుంది. ఆట మధ్యలో కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగిపోతుంటే ముందు ఎస్ఎమ్‌పీఎస్‌ను అనుమానించండి. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్లు అడుగుతుంది, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. పదేళ్ల నాటి చవక ఎస్ఎమ్‌పీఎస్ మీద ఎంత అంకె రాసి ఉన్నా అంత భారం మోయలేకపోవచ్చు. కార్డును తెలిసినవారి కంప్యూటర్‌లో ఒక గంట నడిపి చూస్తే సగం సందేహం తీరిపోతుంది.

విండోస్ రాకముందే, మొదటి కంపెనీ గుర్తు కనిపించేటప్పుడే తెర మీద రంగురంగుల గళ్లు, గీతలు కనిపిస్తే అది డ్రైవర్ సమస్య కాదు. కార్డులోని మెమరీ చిప్పులో, అసలు చిప్పో దెబ్బతిన్నట్టు. విండోస్ వచ్చాక మాత్రమే, అదీ ఆట ఆడినప్పుడే తేడా వస్తే వేడి, డ్రైవర్, కరెంటు ఈ మూడింటిలో ఒకటి కావచ్చు. మన వేలూరు ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. గది 25 డిగ్రీల నుంచి 40కి పోతే కార్డు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో బాగా నడిచిన కార్డు మే నెలలో మొరాయించడానికి చాలాసార్లు కారణం ఎండిపోయిన థర్మల్ పేస్టే. దాన్ని మార్చడానికి పెద్ద ఖర్చు కాదు. కానీ వారంటీ మిగిలి ఉంటే ఆ స్క్రూలు మీరు విప్పవద్దు. స్క్రూ మీద అతికించిన చిన్న స్టిక్కర్ చిరిగిందని క్లెయిమ్ తోసిపుచ్చే కంపెనీలు ఉన్నాయి.

ఇక కంపెనీ వారంటీ మాట. మన దేశంలో గ్రాఫిక్స్ కార్డులకు సాధారణంగా 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. కొన్ని కంపెనీలు కొన్న కొద్దిరోజుల్లో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నవారికి మరికొంత కాలం కలుపుతాయి. ఆ అదనపు కాలం మొదట కొన్నవారికే అని షరతు ఉండవచ్చు. 3 ఏళ్లూ మీరు కొన్న రోజు నుంచి కాదు, మొదటి యజమాని కొన్న రోజు నుంచి లెక్క. కొన్ని కంపెనీలు బిల్లు అడుగుతాయి, కొన్ని సీరియల్ నంబరు చూసి తయారైన తేదీ నుంచే లెక్కవేస్తాయి. కంపెనీ వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు కొడితే వారంటీ ఎప్పటివరకో చాలా సందర్భాల్లో తెలిసిపోతుంది. కొనేముందే ఆ స్టిక్కర్ ఫోటో అడగండి. ఫోటో ఇవ్వడానికి జంకేవారి దగ్గర బేరం ఆపేయడమే మేలు. విదేశం నుంచి సామానుతో పాటు వచ్చిన కార్డు అయితే బిల్లు ఉన్నా ఇక్కడి సర్వీసు కేంద్రం తీసుకోకపోవచ్చు. అది కూడా ముందే అడగాల్సిన విషయం.

పాత కార్డుల గురించి మాట్లాడేటప్పుడు క్రిప్టో నాణేల సంగతి చెప్పకుండా ఉండలేం. 2021లో, 2022 మొదట్లో ఇథీరియం నాణేల తవ్వకం కోసం లెక్కలేనన్ని కార్డులను రాత్రింబగళ్లు నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతి మార్చుకుంది. ఆ రోజు నుంచి ఆ కార్డులకు అక్కడ పని లేకుండా పోయింది. ప్రపంచమంతటా అవి సెకండ్ హ్యాండ్ బజారుకు వచ్చాయి. తవ్వకంలో వాడిన ప్రతి కార్డూ చెడ్డదేమీ కాదు, ఒకే వేడిలో నిలకడగా నడిచినవి కొన్ని బాగానే ఉంటాయి. అయినా ఫ్యాన్లు, మెమరీ మీది ప్యాడ్లు అరిగిపోయి ఉంటాయి. పైగా 2021, 2022లలో కొన్నవాటికి 3 ఏళ్ల వారంటీ 2025తో ముగిసింది. ఆ కాలపు కార్డుకు "ఇంకా వారంటీ ఉంది" అని ఎవరైనా చెబితే సీరియల్ నంబరు కొట్టి చూడకుండా నమ్మవద్దు.

ఇంతకన్నా పెద్ద మోసం ఇంకొకటి ఉంది. పాత, నాసిరకం చిప్పు మీద సాఫ్ట్‌వేర్ మార్చి జీటీఎక్స్ 1050 టీఐ అనో మరొకటనో పేరు చూపించేలా చేసిన నకిలీ కార్డులు బజారులో ఉన్నాయి. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే ఎన్‌విడియా నకిలీలను చాలావరకు పట్టేసి, పేరు ముందే ఫేక్ అని చూపిస్తుంది. ఆర్‌ఎక్స్ 580లోనూ తిరకాసు ఉంది. అసలుదానిలో 2304 ప్రాసెసర్లు ఉంటే, అదే పేరుతో వచ్చే ఇంకో రకంలో 2048 మాత్రమే. అది నకిలీ కాదు, తక్కువ రకం. ధర మాత్రం అసలుదాని ధరే చెబుతారు.

ఇప్పుడు అంగడి బాధ్యత. పాత సామాను అమ్మే అంగళ్లలో "చెకింగ్ వారంటీ" అనే మాట వింటాం. ఏడు రోజులని ఒకరు, నెల అని మరొకరు నోటితో చెబుతారు. ఆ మాట బిల్లు మీద రాయించుకోవాలి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అన్యాయమైన వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. బిల్లులో గడువేమీ రాయకపోతే చట్టమే 30 రోజులు అంటుంది. అంగడి గోడ మీద "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూసి వెనక్కి తిరగనక్కర లేదు. లోపమున్న వస్తువు విషయంలో ఆ బోర్డుకు విలువ లేదు. చట్టం పాత వస్తువును పక్కన పెట్టలేదు. కానీ పాతదానికి కొత్తదాని ఆయుష్షు ఆశించలేం, ఏడాది నడిచాక పోతే అంగడివారిని పట్టుకోవడం కష్టం.

స్టూడియో పెట్టుకున్నవారికి ఒక సందేహం వస్తుంది. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టం చెబుతుంది కదా అని. దీనిపై సుప్రీంకోర్టు 1995లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ఆధారం. ఆ కేసులో ఎదుటి పక్షం మన కోయంబత్తూరు పీఎస్‌జీ ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్. గోవిందస్వామి నాయుడు గారి కుమారులు స్థాపించిన ధర్మసంస్థకు చెందినదే. వారి నుంచి పెద్ద యంత్రం కొన్న లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కోర్టుకు పోయి ఓడింది, అంత పెద్ద ఎత్తున చేసేది వాణిజ్యమేనని తేల్చారు. అదే తీర్పులో కోర్టు, తన పొట్ట పోసుకోవడానికి ఆటో కొని తానే నడుపుకునేవారు, లేత్ మిషన్ కొని తానే పని చేసుకునేవారు వినియోగదారులే అని వివరంగా చెప్పింది. గుడియాత్తంలో ఒక గదిలో కూర్చుని తానే ఎడిటింగ్ చేసుకునే మనిషికి ఈ మాట సరిగ్గా వర్తిస్తుంది. పది కంప్యూటర్లు పెట్టి పనివాళ్లతో నడిపేవారికి వర్తించడం కష్టం.

అంగడివారు వినకపోతే మొదట 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, కాల్ ఉచితం. తెలుగులోనూ, తమిళంలోనూ మాట్లాడతారు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, కాగితాల మీద ఇంగ్లీషు అన్నట్టు బతికే మనకు ఇది చిన్న ఊరట కాదు, పెద్దవాళ్లు కూడా స్వయంగా చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే వేలూరు జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. పాత చట్టంలో అమ్మినవారు ఉన్న చోటికో, గొడవ పుట్టిన చోటికో పోవాల్సి వచ్చేది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో మీరు ఉన్న చోటే ఫిర్యాదు వేయవచ్చు. అంటే రిచ్చీ స్ట్రీట్‌లో కొన్నా, ఎస్పీ రోడ్డులో కొన్నా, గుడియాత్తం, పేర్ణాంబట్టు వారు వేలూరులోనే వేసుకోవచ్చు. ఆంబూరు, వాణియంబాడి 2019 విభజనలో తిరుపత్తూరు జిల్లాకు వెళ్లాయి కాబట్టి అక్కడివారు తమ జిల్లా పరిధి ఏ కమిషన్‌దో కనుక్కుని వేయాలి. 5 లక్షల రూపాయల లోపు వస్తువుకు ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. గొడవ మొదలైన 2 ఏళ్లలోపు వేయాలి. వస్తువును పరీక్షించాల్సి వస్తే 5 నెలల్లో, లేకపోతే 3 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆచరణలో ఆలస్యం అవుతుంది, అది దాచి లాభం లేదు. పన్నెండు వేల కార్డుకు అంత తిరగాలా అన్నది ఎవరి లెక్క వారిది. చాలా అంగళ్లు 1915 నుంచి కబురు రాగానే కాస్త మెత్తబడతాయి.

ఫిర్యాదుకు బలం కాగితమే. కార్డు, సీరియల్ నంబరు ఒకే ఫ్రేములో వచ్చేలా ఫోటో, తెర మీది లోపం వీడియో, బిల్లు, వాట్సాప్‌లో జరిగిన మాటలు చెరిపేయకుండా ఉంచాలి. ఏదైనా సర్వీసు కేంద్రం నుంచి "ఈ సీరియల్ నంబరు కార్డులో ఫలానా లోపం ఉంది" అని రెండు వాక్యాలు రాయించుకుంటే మరీ మంచిది. ఇవన్నీ కార్డు విప్పకముందే.

కష్టమంతా మామూలు మనిషి దగ్గర కొన్నప్పుడే. చదువు ముగించి పోతున్న విద్యార్థి వ్యాపారి కాడు, వినియోగదారుల చట్టం అతని మీద పని చేయదు. తెలిసీ చచ్చిన కార్డు అంటగట్టినట్టు రుజువు చేయగలిగితే పోలీసు ఫిర్యాదు చేయవచ్చు. డబ్బు పంపాక ఫోన్ ఆపేసిన రకమైతే ఆలస్యం చేయకుండా 1930కు చెప్పాలి, అది సైబర్ మోసాల నంబరు. గంటల్లో చెబితే డబ్బు బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. అందుకే మనిషి దగ్గర కొనేటప్పుడు కార్డు నడుస్తున్న కంప్యూటర్‌లో చూసి, అరగంట భారమైన ఆట నడిపించి, ఆ తర్వాతే డబ్బు ఇవ్వాలి. ఒక తెల్లకాగితం మీద తేదీ, మోడల్, సీరియల్ నంబరు, ధర, "పని చేస్తున్న స్థితిలో అమ్మాను" అన్న మాట, సంతకం. తెలుగులో రాసినా, తమిళంలో రాసినా ఫరవాలేదు. మొదటి బిల్లు కూడా అడిగి పుచ్చుకోండి. కంపెనీ వారంటీ కోసం అవసరం వచ్చినప్పుడు అతను ఏ ఊళ్లో ఉంటాడో!

వారంటీ క్లెయిమ్‌కు పంపేటప్పుడు కార్డును యాంటీ స్టాటిక్ సంచిలో పెట్టి, ప్యాకింగ్ అంతా వీడియో తీసి, వీలైతే చెన్నైలోని సేకరణ కేంద్రానికి స్వయంగా ఇచ్చి రసీదు తీసుకోండి. తిరిగి వచ్చేది మీ కార్డే కాకపోవచ్చు. అదే మోడల్ బాగుచేసినది, లేదా సమానమైన మరొకటి ఇస్తారు. దానికి మళ్లీ కొత్తగా 3 ఏళ్లు మొదలవవు, సాధారణంగా పాతదానిలో మిగిలిన కాలమే.

వారంటీ ఏదీ లేనప్పుడు మిగిలేది రిపేరు. ఫ్యాన్, పేస్టు, ప్యాడ్లు అయితే చేయించండి, అది లాభమే. కరెంటు భాగంలో చిన్న విడిభాగం కాలితే చిప్ లెవెల్ పని తెలిసినవారు మార్చగలరు. అసలు చిప్పును వేడి చేసి కూర్చోబెట్టే పనికి మాత్రం ఎక్కువ డబ్బు పెట్టవద్దు. కొన్ని వారాలు నడిచి మళ్లీ పోతుంది. కార్డును ఓవెన్‌లో పెట్టే వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించవద్దు, వండుకునే ఓవెన్ కూడా పనికిరాకుండా పోతుంది. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కార్డు తీసేసి మదర్‌బోర్డుకు కేబుల్ పెట్టుకుంటే చదువు పని ఆగదు. చచ్చిన కార్డును రిపేరు చేసేవారు విడిభాగాల కోసం కొంటారు. అమ్మేటప్పుడు రసీదు మీద "పని చేయని కార్డు" అని స్పష్టంగా రాసి ఇవ్వండి.