కారు నమూనాల నిర్మాణము



ఈ నడుమ నొక గ్రామమున పెద్దలతో మాటలాడుచుండగా ఒకాయన నన్నిట్లడిగినాడు: “పంతులుగారూ, మా మనుమడు చదువుకున్నవాడు, ఉద్యోగస్థుడు, ఒక బిడ్డకు తండ్రి. ఆదివారము వచ్చినచో గది తలుపు వేసికొని జానెడు కారొకదానిని ముక్కముక్కగా అతుకుచు కూర్చుండును. బిడ్డ కొరకేమో యనుకొన్నాను. బిడ్డను దాని దరికి రానీయడు! ఇదేమి వ్యసనమండీ?” ఆయన మాటలలో కోపము కొంత, భయము కొంత కలదు. మనుమడు చేయుచున్న పని యేదో తెలిసినచో ఆ రెంటికిని కారణము కలదో లేదో ఆయనయే నిర్ణయించుకొనగలడు. అందుచేత నేడా పనిని గురించియే మనవి చేయుచున్నాను.

మొదట బొమ్మకును నమూనాకును గల భేదమును గ్రహింపవలెను. మన చిన్నతనమున తాటిబుర్రలకు పుల్ల గ్రుచ్చి బండి చేసి తోలితిమి. చక్రములు తిరిగిన చాలును. నిజమైన బండితో దానికి పోలిక కుదిరినదా యని యెవరును విచారింపలేదు. అది బొమ్మ. నమూనా యట్లుగాదు. నిజమైన కారు పొడవు ఎన్నవ వంతునకు తగ్గినదో వెడల్పును, ఎత్తును, చక్రమును, తలుపు పిడియు, దీపపు గాజును అన్నవ వంతునకే తగ్గవలెను. ఇందులో నొక్కటి తప్పినను కన్ను పట్టుకొనును. చక్రము రవ్వంత పెద్దదైనచో, లెక్కయే రాని పసివాడు సైతము “ఏదో తేడాగా నున్నది” అనును. మనము బడిలో వల్లించిన త్రైరాశికమే యీ విద్యకు ప్రాణము.

వాడుకలో కొన్ని నిష్పత్తులు స్థిరపడినవి. 1/24 అనునది అడుగులు, అంగుళములు వాడు దేశములలో పుట్టినది. నిజమైన అడుగు నమూనాలో అరంగుళమగును. 1/43 అన్న సంఖ్య వినగానే వింతగా తోచును. దాని పుట్టుక రైలుబండిలో నున్నది. ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున ఫ్రాంక్ హార్న్‌బీ యను నాయన బొమ్మ రైళ్లు చేయించెడివాడు. ఆ రైళ్లకు అడుగునకు 7 మిల్లీమీటర్ల మానము. ఆ రైళ్ల ప్రక్కన నిలుపుటకై 1933లో చిన్న చిన్న వాహనములను లోహముతో పోత పోయించినాడు. మరుసటి యేడు వానికి డింకీ టాయ్స్ అను పేరు వచ్చినది. అడుగనగా 304.8 మిల్లీమీటర్లు గదా. దానిని 7 చేత భాగించి చూడుడు, నలుబదిమూడున్నర వచ్చును. రైళ్ల సంగతి అటుండగా, ఆ నిష్పత్తి మాత్రము కార్లకు నిలిచిపోయినది. అదే దేశమున 1953లో వెలువడిన మాచ్‌బాక్స్ వరుసకు అగ్గిపెట్టెయే మానము. ఏ వాహనమైనను ఆ పెట్టెలోనే యిమడవలెను గాన బస్సు వచ్చి కారంత యైనది! అవి పిల్లలకు ముద్దు గొలుపునవే గాని త్రైరాశికమునకు లొంగవు.

మన దేశమునకు మిక్కిలి అనుకూలమైనది 1/25 అని నా యభిప్రాయము. కారణము చెప్పెదను. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు. కావున నిజమైన కారుమీద అంగుళములతో కొలిచి, అదే అంకెను మిల్లీమీటర్లుగా చెక్కమీద గుర్తు పెట్టుకొన్నచో నిష్పత్తి దాదాపు సరిపోవును. నూరంగుళములకు ఒకటిన్నర మిల్లీమీటరు కొరత పడును. దానిని కలుపుకొనిన చాలును. భాగహారముతో పని లేదు. మన వడ్రంగి చేతిలోని టేపుకు ఒక అంచున అంగుళములు, రెండవ అంచున సెంటీమీటర్లు ఉండనే యున్నవి.

ఇక అసలు చిక్కునకు వచ్చుచున్నాను. పొడవు ఇరువదియైదవ వంతైనచో, పైతలము 625వ వంతగును. ఘనపరిమాణము 15,625వ వంతగును. అనగా 1100 కిలోల కారు, అదే లోహముతో అదే తీరున తగ్గినచో 70 గ్రాములు, మన పాత లెక్కను ఆరు తులములు మాత్రమే తూగును. కారు రేకు మందము సుమారు ఒక మిల్లీమీటరనుకొన్నను నమూనాలో అది మిల్లీమీటరులో ఇరువదియైదవ వంతు కావలెను. మనము వ్రాసికొను కాగితమైనను అంతకు రెట్టింపు దళసరి యుండును. అంత పలుచని గోడ చేతికి నిలువదు. ప్లాస్టిక్ గోడ ఒకటిన్నర మిల్లీమీటరున్నచో, అది నిజమైన కారునకు ఒకటిన్నర అంగుళముల రేకు తొడిగినట్లే. అందుచేత నేర్పరి యగువాడు గోడనంతయు పలుచన చేయడు. కంటబడు అంచులను మాత్రము, అనగా తలుపుల చివరలను, చక్రములమీది వంపులను, లోపలి వైపునుండి ఆకురాయితో అరుగదీయును. చూపరికి అంచే కనబడును గాన గోడయంతయు పలుచనిదని నమ్మును.

రంగును గూర్చియు నిట్లే. కారునకు వేసిన రంగుపూతలన్నియు కలిసి పదవ వంతు మిల్లీమీటరున్నవనుకొందము. నమూనాకును అంతే పూసినచో, పెద్ద కారుమీద రెండున్నర మిల్లీమీటర్ల రంగు మెత్తినట్లగును. తలుపు సందులు పూడిపోవును, అక్షరములు చెరిగిపోవును. కావున రంగును నీళ్లవలె పలుచన చేసి, గాలితో చిమ్మి, ఆరబెట్టి, నున్నని ఉప్పుకాగితముతో తడిపి రుద్ది, మరల చిమ్ముదురు. ఒక పూత ఆరుటకు దినమంతయు పట్టినను తొందరపడరాదు. ఆ మనుమడు బిడ్డను దరికి రానీయకుండుటకు ఇదియొక కారణము. మరియొక కారణము కూడ కలదు, అది మెచ్చదగినది: ప్లాస్టిక్ ముక్కలను అతుకు ద్రవము జిగురుగాదు. అది రెండు తలములను కరగించి ఒకటిగా కలుపును. దాని యావిరి పీల్చుట పిల్లలకే గాదు, పెద్దలకును హాని. అయితే ఆ గది తలుపు మూసినను కిటికీ తెరచి యుంచుమని మనుమనికి చెప్పవలసియున్నది.

ఇది యూరక కాలము గడపుటకై పుట్టిన పనిగాదు. అమెరికాలోని డెట్రాయిట్ నగరమున జనరల్ మోటార్స్ వారి రూపకల్పన శాఖ 1927లో ఏర్పడినది. దాని యధిపతి హార్లీ ఎర్ల్ కార్ల రూపములను మట్టితో తీర్పించి చూచెడివాడు. కారు నిజముగా పుట్టుటకు ముందు నమూనాగా పుట్టుచుండెనన్నమాట. ఆ సంస్థకే చెందిన ఫిషర్ బాడీవారు 1930లో బాలుర కొరకొక పోటీని నెలకొల్పిరి. మొదట నెపోలియన్ కాలపు రాజరథమొకదానిని పటము చూచి యథాతథముగా చేయవలసియుండెను. 1937 నుండి పన్నెండవ వంతు మానమున స్వయముగా ఊహించిన కారును చేయు పోటీ చేరినది. బహుమానము కళాశాల విద్యకగు ధనము. 1947లో ప్రథమ బహుమానము పొందిన చార్లెస్ జోర్డన్ అను బాలుడు పిదప ఆ సంస్థలోనే చేరి, 1986 మొదలు 1992 వరకు రూపకల్పన శాఖకంతకును అధిపతిగా నుండెను. ఆ పోటీ 1968లో నిలిచిపోయినది.

పెట్టెలో విడిభాగములుగా వచ్చు నమూనాలకు మంచి కాలము ఆ పోటీ నడుచుచుండగానే వచ్చినది. ఏ.ఎం.టి. యను అమెరికా సంస్థ 1958లో ఒకే పెట్టెలో మూడు విధములకు చాలిన భాగములుంచి అమ్మజొచ్చినది. కారును కంపెనీ నుండి వచ్చినట్లే కట్టవచ్చును. పందెపు కారుగా కట్టవచ్చును. కాదేని తన యిచ్చ వచ్చినట్లు మార్చి కట్టవచ్చును. ఈ మూడవదియే నాకు వ్యాకరణమును స్ఫురింపజేసినది. మన భాషలో ప్రకృతి, వికృతి యనుచున్నాము. వికృతి యనగా చెడినదని యర్థముగాదు. రాత్రి రాతిరి యైనంతమాత్రమున చీకటి తగ్గలేదు. కాని ప్రకృతి యెరుగనివాడు వికృతిని సాధింపలేడు. కారులోను అంతే.

ఒక్క యుదాహరణము. కాలిఫోర్నియాలో జార్జి బారిస్ మొదలగువారు నిజమైన కార్లనే కోసి పైకప్పును క్రిందికి దింపెడివారు. నమూనాకారులును ఆ పద్ధతిని పట్టుకొనిరి. పైకప్పును నాలుగంగుళములు తగ్గింపవలెనన్నచో 1/25 నమూనాలో నాలుగు మిల్లీమీటర్లు. స్తంభములను నాలుగు మిల్లీమీటర్లు కోసి కప్పును దింపిన చాలుననుకొందుము. చాలదు. స్తంభములు నిట్టనిలువుగా నుండవు. ముందువి వెనుకకును, వెనుకవి ముందునకును వాలియుండును. కప్పు దిగినంతనే పైముక్క చివరలు క్రింది మొదళ్ల కెదురుగా రాక లోపలికి పడును. అప్పుడు కప్పును నిలువునను అడ్డమునను కోసి నాలుగు పలకలు చేసి, దూరము జరిపి, నడిమి సందులో సన్నని బద్దలు పెట్టి, మక్కు నింపి, ఎండిన పిదప నునుపు చేయవలెను. అద్దములు కూడ క్రొత్తవి కోయవలెను. ఒక్క కొలత మార్చినచో దాని బంధువులందరును కదలి వత్తురు! ఇష్టము వచ్చినట్లు మార్చుట యనునది వినుటకు సులభమే.

మక్కు అన్న మాట నేను కొండపల్లివారి నుండి తీసికొన్నాను. వారు తెల్లపొణికి కఱ్ఱతో అంగములు వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అతుకుదురు. ఆ ముద్దయే మక్కు. తెల్లపొణికి తేలికయైనది, మెత్తనిది. వాడియైన ఉలికి ఎదురు చెప్పదు. విదేశపు పెట్టెలు కొనలేని మన బాలునకు ఇంతకంటె మంచి సామగ్రి యేది?

నా పూర్వశిష్యుడొకడు దీనితోనే అంబాసిడరు కారును కట్టినాడు. ఆ కారు 1957 మొదలు 2014 వరకు బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైనది. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ దానికి ప్రకృతి. ఇతని తండ్రి దానిని బాడుగకు నడిపి బిడ్డలను చదివించినాడు. తండ్రి పోయిన పిదప బండి పాత యినుము క్రింద పోయినది. మిగిలినవి రెండు ఛాయాచిత్రములు. ఆ యూరికి దూరముగా నొక తోటలో పడియున్న అట్టి కారునే వెదకి పట్టి, మూడు ఆదివారములు కొలతలు తీసినాడు. ముందు చక్రమునకును వెనుక చక్రమునకును నడుమ 97 అంగుళములు; నమూనాలో తొంబదెనిమిదిన్నర మిల్లీమీటర్లు. టైర్లను పాత చెప్పుల రబ్బరుతో కోసినాడు. బానెట్ ఎత్తినచో యంత్రమునుండి నాలుగు ప్లగ్గులకును దారపు తీగలు కనబడును. అది పెట్రోలు బండి గాన తీగలు పెట్టినాననియు, డీజిలుదైనచో ప్లగ్గు తీగలే యుండవనియు అతడు నాకు చెప్పినాడు. నేనా సంగతిని శిష్యునివద్ద నేర్చుకొన్నాను.

రంగు తళతళ మెరయుచుండగా తల్లికి చూపినాడట. ఆమె చాలసేపు త్రిప్పి త్రిప్పి చూచి, “ఎడమ దీపము క్రింద సొట్ట యేదిరా?” అని యడిగినది. ఛాయాచిత్రములలో కుడివైపే యున్నది. సొట్ట సంగతి అతనికి తెలియదు. ఆమె వ్రేలు పెట్టి చూపిన చోట రంగు గోకి, గోళ్ల ఉలితో పల్లము తీసి, మరల రంగు వేసినాడు. పైన సామానుల చట్రమును, అద్దము దగ్గర నిమ్మకాయయు మిరపకాయలును కూడ ఆమె చెప్పినవే. ఇప్పుడది కంపెనీ చేసిన కారుగాదు, వారి కారు.

శ్రోతలలో ననేకుల పశువుల పాకలలో పాత జీపో, అంబాసిడరో, పాత ట్రాక్టరో తుప్పు పట్టి యుండవచ్చును. ఇనుపసామానుల వర్తకుడు వచ్చు లోపల ఇంటిలోని కుఱ్ఱవానిని టేపుతో అచ్చటకు పంపుడు. రెండవ కొన మీరు పట్టుకొనవలెను. చక్రముల నడిమి దూరము, మొత్తము పొడవు, వెడల్పు, ఎత్తు, చక్రపు వ్యాసము, కిటికీ క్రింది అంచు నేలకు ఎంత యెత్తున నున్నది – ఈ యారును మొదట వ్రాయింపుడు. తక్కినవి ఛాయాచిత్రములనుండి త్రైరాశికముతో తీయవచ్చును. ఛాయాచిత్రము తీయునపుడు కారునకు సరిగా ఎదురుగాను, సరిగా ప్రక్కగాను, వీలైనంత దూరముగా నిలిచి తీయవలెను. దగ్గరనుండి తీసినచో ముందుభాగము పెద్దదై లెక్క తప్పును. ఆ బండిలో ఎవరు కూర్చుండిరో, ఏ సొట్ట ఎప్పుడు పడినదో టేపునకు తెలియదు గాన, అది మీరే చెప్పి కొలతల ప్రక్కన వ్రాయింపుడు.