సర్వరు "అనుమతి లేదు" అన్నప్పుడు

కృష్ణా, మూసీ నదులు కలిసే వాడపల్లిలో ఒక పాఠశాల తన వెబ్‌సైటులోని ఫలితాల పట్టికను మార్చబోయిందనుకొందాం. "అనుమతి లేదు" అన్నది సర్వరు. యంత్రం చెడిందా? లేదు, కాపలా కాస్తున్నది.

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో మొదలైన యూనిక్స్ సంప్రదాయం ప్రకారం ప్రతి ఫైలు విషయంలోనూ యజమాని, బృందం, ఇతరులు అని మూడు తరగతులుంటాయి. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి 1. వీటిలో వేటిని కలిపినా, వచ్చే మొత్తం మరొక కలయికకు రాదు. కనుక 644 అంటే యజమాని చదవవచ్చు, వ్రాయవచ్చు. తక్కినవారు చదవవచ్చు, అంతే.

తొందరపడి 777 ఇస్తే పని జరుగుతుంది. కాని ఆ సర్వరులో ఖాతా ఉన్న ఎవరైనా పిల్లల మార్కులను దిద్దవచ్చు! అందుచేత ముందుగా ఫైలు ఏ ఖాతా పేర ఉన్నదో చూడాలి. అది వేరొకరిదైతే, నిర్వాహకునిచేత యజమానిని మార్పించాలి, అంకెలను కాదు.